పాత డస్టరు కొనదగునా?

పద్యాన్నో పదాన్నో పట్టుకొని వ్రాసేవాడు పాత కారును గురించి వ్రాయడమేమిటని మీకు నవ్వు రావచ్చు. తెలుగు పండితుడికి ఇంజనుతో ఏమి పని? అయినా ఈ విషయం నా మీద పడింది, దానిలో నేను ఒప్పుకోవలసినది కూడ కొంత ఉన్నది. కాబట్టి వ్రాయక తప్పలేదు.

గత నెల ఒక ఆదివారం కర్మన్‌ఘాట్‌లో ఉండే మా మేనల్లుడు చంపాపేటలోని మా ఇంటికి వచ్చాడు. రెండేళ్ళు కట్టిన చిట్టీ ఎత్తాడట. ఆ డబ్బుతో పాత కారు కొనాలని, 2015 నాటి రెనో డస్టరు డీజిలు బండి ఒకటి చూశానని, అమ్మేవాడు నాలుగు లక్షల పాతికవేలు అడుగుతున్నాడని చెప్పాడు. "మామా, నీ దగ్గర నాలుగేళ్ళు ఉండె గద, నువ్వే చెప్పు" అన్నాడు. పక్కనే ఉన్న మా బావగారు మాత్రం "ఆగిపోయిన బండి మనకెందుకురా!" అని ఒక్కమాటలో కొట్టివేశారు.

చిక్కంతా ఆ మాటలోనే ఉన్నది. మన భాషలో 'ఆగిపోయిన బండి' అంటే దారిలో మొరాయించి నిలిచిపోయిన బండి. కంపెనీవారు తయారీని మానివేసిన బండిని కూడ మనం అదే మాటతో పిలుస్తాము. మొదటిది బండి దోషం, రెండవది వ్యాపార నిర్ణయం. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్ల మంచి బండికి ధర పడిపోతుంది. ఆ తక్కువ ధరను చూసి మోసపోయేవారూ ఉంటారు. కాబట్టి ముందుగా ఇది ఎందుకు ఆగిందో చూద్దాము.

డస్టరు 2010లో రుమేనియా దేశపు డాసియా పేరుతో పుట్టింది. మన దేశంలో రెనో కంపెనీ దానిని చెన్నై దగ్గరి ఒరగడంలో తయారుచేసి 2012 జూలైలో విడుదల చేసింది. అప్పటి తొలి ధర ఢిల్లీ షోరూములో 7 లక్షల 19 వేలు. అంతకుముందు ఎత్తైన బండి కావాలంటే సుమో, స్కార్పియో, సఫారీల వంటివి కొనవలసి వచ్చేది. వాటి నిర్మాణం లారీ పద్ధతి, అంటే కింద ఇనుప చట్రం, దాని మీద శరీరం. డస్టరులో ఆ రెండూ ఒకటే. కారువలె నడుస్తుంది, జీపువలె నిలుస్తుంది. నేలకూ దాని అడుగుకూ మధ్య 205 మిల్లీమీటర్ల ఎడం. మన సాగర్ రోడ్డు గుంతల మీద ఆ ఎడం విలువ నాకు స్వయంగా తెలుసు. 2013లో ఆ ఏటి మేటి భారతీయ కారుగా దానికి పురస్కారం కూడ వచ్చింది.

తరువాత 2015లో క్రెటా వచ్చింది. లోపలి హంగులు కోరేవారు అటు మళ్ళారు. 2020 ఏప్రిల్లో బీఎస్6 కాలుష్య నిబంధన అమలులోకి రాగానే రెనో తన డీజిలు ఇంజనును మన దేశంలో మానుకొన్నది. డస్టరు పేరు నిలబెట్టినది ఆ డీజిలే. పెట్రోలుతో మరి రెండేళ్ళు ఈడ్చి, 2022 ఆరంభంలో తయారీ ఆపివేశారు. అంటే నిబంధన మారింది, పోటీ పెరిగింది, బండి నిలిచింది. అది నడవలేక నిలిచినది కాదు. ఆ పేరుతోనే కొత్త తరం బండిని తెస్తున్నట్లు కంపెనీ 2025లో ప్రకటించింది. అయితే పేరు ఒకటైనంత మాత్రాన కొత్తదాని విడిభాగాలు పాతదానికి పనికివస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇక్కడ ఇంకొక భేదం గమనించాలి. ఒక మోడలు ఆగడం వేరు, కంపెనీయే అమ్మకాలు మాని వెళ్ళిపోవడం వేరు. షెవ్రొలే 2017 చివరికి మన దేశంలో అమ్మకాలు మానివేసింది. ఫోర్డు 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ మానుతున్నామని ప్రకటించింది, దానితో ఎకోస్పోర్టు పోయింది. కొన్న బండ్లకు సేవ చేస్తామని వారు చెప్పినా, షోరూములు మూతపడిన తరువాత ఆ మాట బలం తగ్గుతుంది. రెనో అలా వెళ్ళలేదు. క్విడ్, ట్రైబర్, కైగర్ అమ్ముతూ ఇక్కడే ఉన్నది. తన వర్క్‌షాపులో డస్టరును కాదనడానికి వీలులేదు.

అంతకంటె ముఖ్యమైనది ఇంజను చుట్టరికం. డస్టరు డీజిలు ఇంజను 1461 సీసీ. కె9కె అని దాని పేరు. ఈ ఇంజనే మన టాక్సీవాళ్ళు నడిపిన మహీంద్రా లోగాన్‌లో, తరువాత వెరిటోలో, నిసాన్ సన్నీలో, మైక్రాలో, డస్టరుకు తోబుట్టువైన టెర్రానోలో ఉన్నది. కాబట్టి ఆటోనగర్‌లో లోగాన్ విప్పి బిగించిన మేస్త్రీకి డస్టరు ఇంజను కొత్త కాదు. ఫిల్టర్లు, బెల్టులు, క్లచ్ సామాను దొరుకుతాయి. దొరకడానికి ఇబ్బంది పెట్టేవి పై భాగాలు. హెడ్‌లైటు, బంపరు, డోరు లోపలి బిళ్ళలు, డాష్‌బోర్డు ముక్కలు. గుద్దుకొన్న డస్టరు కంటె పాతబడిన డస్టరు మేలని నేను అనేది అందుకే.

డీజిలులో రెండు రకాలున్నవి. 85 గుర్రాల బలం గలది ఒకటి, 110 గలది ఒకటి. అంకె పెద్దదని మనవాళ్ళు రెండవదానికి ఎగబడతారు. ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ రద్దీలో మొదటిదే సుఖం. రెండవది టర్బో అందుకొనేదాకా బద్ధకంగా కదిలి తరువాత ఒక్కసారిగా లంఘిస్తుంది. అది విజయవాడ రహదారికి బాగుంటుంది గాని చంపాపేట చౌరస్తాకు కాదు. నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే రకం 2014లో వచ్చింది. కొండదారుల వారికి తప్ప మనకు అది అదనపు ఖర్చు. తానే గేరు మార్చుకొనే డీజిలు 2016లో వచ్చింది. దానిని బాగుచేయగలవాడు మీ పేటలో ఉన్నాడో లేడో తెలుసుకొన్న తరువాతనే దాని మాట ఎత్తండి.

ప్రాణానికి సంబంధించినది ఒకటి చెప్పాలి. 2017లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ డస్టరును గోడకు గుద్దించి పరీక్షించింది. ఎయిర్‌బ్యాగు లేని రకానికి పెద్దల రక్షణలో సున్నా. డ్రైవరుకు ఎయిర్‌బ్యాగు ఉన్న రకానికి మూడు నక్షత్రాలు. బండి అదే, పేరు అదే, మధ్యలో ఒక్క సంచి తేడా. డ్రైవరు ఎయిర్‌బ్యాగు అన్ని కార్లకూ తప్పనిసరి అయినది 2019 జూలైలో మాత్రమే. అంతకుముందటి బండి కొనేటప్పుడు అది ఏ రకమో ఆర్సీలో చూడండి. ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్ లేనిదానిని పాతికవేలు తక్కువకు వచ్చినా వదలండి.

ఇక టైమింగు బెల్టు. ఇది రబ్బరుది. గడువు దాటి తెగితే లోపల వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజను మొత్తం పాడవుతుంది. "మార్పించాము" అనే మాట చాలదు, బిల్లు చూపాలి. బిల్లు లేకపోతే కొన్న మరునాడే మార్పించవలసి ఉంటుందని లెక్కవేసి ఆ మేరకు ధర తగ్గించమనండి. మీటరు మీద కిలోమీటర్ల అంకెను నమ్మకండి. బ్రేకు పెడలు రబ్బరు అరుగుదలనూ, స్టీరింగు తోలు నునుపునూ చూడండి. పరీక్ష పేపర్లు దిద్దిన మాకు ఇది అలవాటే. జవాబు కంటె అది వచ్చిన దారి చూడాలి. టైరు అంచున నాలుగంకెలు ఉంటాయి. 3218 అంటే 2018లో 32వ వారంలో తయారైన టైరని అర్థం. బండి ముప్పైవేలే తిరిగిందంటూ టైర్లు మాత్రం ఈ మధ్యవే అయితే, పాతవి ఎందుకు పోయాయని అడగవలసి ఉంటుంది.

ఇవన్నీ ఎక్కడైనా వర్తించే మాటలు. మన తూర్పు హైదరాబాదులో మాత్రం వీటన్నిటికంటె ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి ఈ బండి ఎక్కడ ఉన్నది?

ఆ రాత్రిని ఇక్కడివారు మరచిపోలేరు. సరూర్‌నగర్ చెరువు పొంగింది. దాని చుట్టూ ఉన్న కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నవి. మా వీధిలో నీరు మొదట గడప దాటింది, తరువాత మంచం కోడు తాకింది. మా అబ్బాయి 2013లో కొని, 2018లో అమెరికా వెళుతూ నాకు వదలిపోయిన డస్టరు గేటు లోపల నిలబడి ఉన్నది. తెల్లవారి చూస్తే సీటు దిండు తడిసేదాకా నీరు. ఇంజను ఆన్ చేయవద్దని పక్కింటి కుర్రవాడు అరచి చెప్పాడు, ఆ పుణ్యమా అని ఇంజను బ్రతికింది. నీళ్ళు పీల్చిన ఇంజనును తిప్పితే లోపలి కడ్డీలు వంగిపోతాయట. భీమా ఉన్నది కాబట్టి సగానికి పైగా ఖర్చు వచ్చింది. కార్పెట్టు తీసి ఆరబెట్టారు, సీట్లు ఉతికారు, ఆయిళ్ళు మార్చారు. నెల తరువాత బండి నిగనిగలాడుతూ తిరిగివచ్చింది.

2022లో డస్టరు ఆపేశారని వార్త వచ్చింది. ఇంకా ఆలస్యం చేస్తే ధర రాదని అందరూ తొందరపెట్టారు. నాకు కూడ చూపు తగ్గి నడపడం కష్టమయింది. ఒక మధ్యవర్తి ఇబ్రహీంపట్నం వైపునుండి ఒక యువకుణ్ణి తీసుకొనివచ్చాడు. సెంట్రింగు పనులు చేయించే మనిషి. భార్యా ఇద్దరు పిల్లలతో వచ్చాడు. ఎంత తిరిగింది, మైలేజీ ఎంత, టైర్లు ఎప్పటివి అని అడిగాడు. అన్నిటికీ నిజమే చెప్పాను. నీళ్ళ మాట అతడు అడగలేదు. నేను చెప్పలేదు. మూడు లక్షల పదివేలకు బేరం కుదిరింది. వెళుతూ వెళుతూ నా కాళ్ళకు దండం పెట్టాడు.

మరుసటి ఏడు జూలై వానల్లో అతడి దగ్గరనుండి ఫోను. రాత్రివేళ ఊరిబయట బండి ఉన్నట్టుండి ఆగింది, లైట్లతో సహా. పిల్లలతో రెండు గంటలు వానలో నిలుచున్నారు. మేస్త్రీ కార్పెట్టు ఎత్తి చూస్తే కింది వైర్ల జాయింట్లన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నవట. "సార్, ఈ బండి ఎన్నడన్న నీళ్ళల్ల మునిగిందా?" అని అడిగాడు. మునిగిందని చెప్పాను. కొంతసేపు మాట లేదు. తరువాత అన్నాడు, "ముందుగల్ల చెప్తే ఇంకింత తక్కువకు తీస్కొని వైరింగ్ చేపిచ్చుకుంటుంటి గద సార్. మీరు సార్ గద అని నేను అడగలే."

కోప్పడి ఉంటే తేలికగా ఉండేది. బాగుకు నలభై రెండువేలయింది. సగం నేను పంపాను. తీసికొన్నాడు. మళ్ళీ ఫోను చేయలేదు.

బడిలో తరగతి తరువాత తరగతికి సత్యవాక్యాన్ని గురించి పాఠం చెప్పినవాణ్ణి. అడిగినదానికి అబద్ధం చెప్పలేదు గదా అని ఆనాడు నాకు నేను సమాధానం చెప్పుకొన్నాను. పాత బండి అమ్మకంలో అడగని ప్రశ్నకు మౌనం కూడ జవాబే. కొనేవాడు దానిని 'లేదు' అని చదువుకొంటాడు. ఆ సంగతి అమ్మేవాడికి తెలుసు. నాకు తెలుసు.

ఆ తప్పుతో నేర్చినవి, మునిగిన బండిని పట్టే గుర్తులు, ఇక్కడ పెడుతున్నాను. సీటుబెల్టును చివరిదాకా బయటకు లాగండి. పైన శుభ్రంగా ఉన్నా లోపలి భాగంలో బురద గీత దాగి ఉంటుంది. సీటు బిగించిన బోల్టులకు తుప్పు ఉన్నదేమో చూడండి. పదేళ్ళ బండికైనా లోపల అంత తుప్పు పట్టదు. కార్పెట్టు అంచు ఎత్తి కింది స్పాంజిని నొక్కండి. స్టెప్నీ గుంటలో ఒండ్రు ఉన్నదేమో తడిమి చూడండి. అద్దాలన్నీ మూసి ఎండలో గంటసేపు ఉంచి తలుపు తెరిస్తే వచ్చే వాసన ఏ పరిమళంతోనూ దాగదు. అసలు లోపల ఘాటుగా అత్తరు వాసన వేస్తే అదే మొదటి అనుమానం.

కాగితం కూడ సాక్ష్యం చెబుతుంది. భీమా పాలసీలో నో క్లెయిం బోనసు అని ఒక వరుస ఉంటుంది. ఏ క్లెయిమూ లేకుండా ఒక ఏడాది గడిస్తే 20 శాతం, అలా పెరిగి అయిదేళ్ళకు 50 శాతం. 2020 తరువాతి పాలసీలో అది సున్నాకు పడి ఉంటే, ఎందుకని అడగండి. అయితే ఆ బోనసు బండిది కాదు, యజమానిది. చేతులు మారిన బండికి అది పూర్తి సాక్ష్యం కాదు. కాబట్టి పాత పాలసీలన్నీ చూపించమనాలి.

మిగిలిన కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. నంబరు ఏపీ అయినంతమాత్రాన బండి అవతలి రాష్ట్రానిది కాదు. 2014 జూన్‌కు ముందు మన రంగారెడ్డి బండ్లు ఏపీ 28, ఏపీ 29. కృష్ణా జిల్లా ఏపీ 16 అయితే మాత్రం అక్కడి ఆర్టీఏ నుండి ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడి జీవితపన్ను సంగతి కూడ కనుక్కోవాలి. ఢిల్లీ బండ్ల విషయంలో ఇంకా జాగ్రత్త. పదేళ్ళు దాటిన డీజిలు బండ్లపై అక్కడ 2015లో హరిత ట్రిబ్యునల్ ఆంక్ష పెట్టింది, 2018లో సుప్రీంకోర్టు దానిని అమలుచేయమన్నది. దానితో ఆ బండ్లు చౌకగా దక్షిణాదికి దిగాయి. చౌక అనిపించిన ధరకు ఎన్‌ఓసీ తిప్పలు, ఇక్కడి పన్ను కలిపి చూసుకోండి.

అప్పు మీద కొన్న బండి అయితే బ్యాంకు ఇచ్చే ఫారం 35 లేనిదే డబ్బు ఇవ్వకండి. పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం, రాష్ట్రంలోనే అమ్మితే అమ్మినవాడు 14 రోజులలో, కొన్నవాడు 30 రోజులలో తెలియజేయాలి. అమ్మేవారు దీనిని తేలికగా తీసుకొంటారు. ఆర్సీలో ఎవరి పేరు ఉన్నదో వారే యజమాని అని, ప్రమాద పరిహారానికి వారే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బండి చేతులు ఎన్ని మారినా సరే. పెండింగు చలానాలు కూడ చూసుకోండి. 2012లో రిజిస్టరయిన డస్టరుకు 2027తో పదిహేనేళ్ళు నిండుతాయి. ఆపైన ఫిట్‌నెస్ పరీక్ష, మళ్ళీ రిజిస్ట్రేషను. దాని రుసుము 2022 ఏప్రిల్ నుండి కారుకు 5000 రూపాయలైంది. కాబట్టి మొదటి సంవత్సరాల బండికి ఆ ఖర్చు కలుపుకొనే ధర కట్టాలి.

ఇంతకూ మా మేనల్లుడి బండి. ఇద్దరం వెళ్ళి చూశాము. అమ్మేవాడు సరూర్‌నగర్ వైపు చిన్న ఉద్యోగి. నేను అత్తరు వాసన కోసం ముక్కు చాచే లోపలే అతడే చెప్పాడు, "2020 వరదలో కాళ్ళు పెట్టే కాడిదాక నీళ్ళు వచ్చినయి సార్. ఇదిగో బిల్లు." వర్క్‌షాపు బిల్లు, క్లెయిం కాగితం, రెండూ తీసి బానెట్టు మీద పెట్టాడు. మావాడి ముఖం వాడిపోయింది. బండి ఎక్కి తిరుగుదారిలో "వద్దు మామా, నీళ్ళల్ల ఉన్న బండి" అన్నాడు.

నేను కొనమన్నాను. అయిదేళ్ళుగా ఆ మరమ్మతు తరువాత బండి తిరుగుతూనే ఉన్నది. నీరు సీటు దాకా రాలేదు. దోషం ఎక్కడ ఉన్నదో చెప్పి కాగితం చూపినవాడు మిగిలినది కూడ దాచి ఉండడు. పొగడ్తలతో అమ్మే పది బండ్లలో వెతకడం కంటె, లోపం తెలిసిన ఈ ఒక్క బండికి ధర కట్టడం సులువు. ఆటోనగర్ మేస్త్రీ చేత కార్పెట్టు కింద వైర్లన్నీ చూపించాము. రెండు జాయింట్లు మార్చమన్నాడు. టైమింగు బెల్టుకు బిల్లు లేదు, దాని ఖర్చు తగ్గించాము. చివరకు మూడు లక్షల ఎనభైవేలకు కుదిరింది. బండిని గూర్చి అమ్మేవాడు చెప్పినదంతా ఒక తెల్లకాగితం మీద వ్రాసి ఇద్దరి చేతా సంతకం పెట్టించాను. కోర్టుకు పనికివస్తుందో లేదో గాని, సంతకం పెట్టేటప్పుడు మనిషి ఒక క్షణం ఆలోచిస్తాడు. 2022లో నా ముందు అలాంటి కాగితం ఎవరైనా పెట్టి ఉంటే నేను నీళ్ళ మాట వ్రాసి ఉండేవాణ్ణి.

కాబట్టి నా అభిప్రాయం ఇది. పాత డస్టరు కొనదగినదే. ఇంజను చుట్టాలు ఊరంతా ఉన్నారు, కంపెనీ ఊరు విడిచి పోలేదు, మన రోడ్లకు అది సరిపోతుంది. అయితే 'డస్టరు' అనే పేరును ఎవరూ కొనరు. ఒక ఇంట్లో పదేళ్ళు ఒక విధంగా బ్రతికిన ఒక బండిని కొంటారు. ఆ బ్రతుకు తెలిసినవాడు ఎదుట నిలబడి ఉన్న అమ్మేవాడే. కొనేవారు సిగ్గుపడక అడగండి, సార్ అయినా సరే అడగండి. అమ్మేవారు అడగకపోయినా చెప్పండి. ఆ చెప్పినందుకు పోయేది పాతికవేలో ముప్పైవేలో. చెప్పనందుకు పోయేది ఎంతో నాకు తెలుసు.

నేను ఇచ్చిన సలహా సరియైనదో కాదో ఇంకా రెండు వానాకాలాలు గడిస్తే గాని తెలియదు. మావాడు మాత్రం మొన్న అమ్మానాన్నలను ఎక్కించుకొని నాగార్జునసాగర్ వెళ్ళివచ్చాడు. బావగారు వెనుక సీటులో కూర్చొని దారిపొడుగునా నిద్రపోయారట.

స్వస్తి.